పది వేల లీటర్ల సంపుకు ఎంత గుంత తవ్వాలి?

ముందుగా మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను. హైదరాబాద్ శివార్లలో ఇల్లు కడుతున్నారు. ఈశాన్యం మూలన పది వేల లీటర్ల సంపు కావాలి. అక్కడ మీకున్న జాగా 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. మేస్త్రి గారేమో "పొడవు ఏడు, వెడల్పు ఏడు, లోతు ఏడు తవ్వితే చాలు సార్" అన్నారు. మీరు కాలిక్యులేటర్ మీద వేసి చూస్తే 9,700 లీటర్లు వచ్చింది. ఆ తక్కువైన మూడొందలు ఎలా సర్దుకోవాలని అడుగుతున్నారు. సంపు బదులు సిమెంటు వరలు దించుకోవచ్చా, డాబా మీద మూడు వేల లీటర్ల ట్యాంకు ఇటుకతో కట్టుకోవచ్చా అన్నవి మిగతా రెండు ప్రశ్నలు.

తక్కువయ్యేది మూడొందలు కాదండీ. ఏడడుగుల గుంత తవ్వి అందులో సంపు కడితే మీకు చేతికొచ్చే నీళ్లు నాలుగు వేల లీటర్ల లోపే. మీ లెక్కలో తప్పు లేదు, 7×7×7 అంటే 343 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, మొత్తం 9,700 పైచిలుకు. కానీ మీరు లెక్క కట్టింది గుంతని. మీకు కావాల్సింది నీళ్ల లెక్క. ఈ రెండింటి మధ్య గోడలున్నాయి, నేల ఉంది, పైన స్లాబ్ ఉంది, స్లాబ్ కింద వదిలే ఖాళీ ఉంది, అడుగున మోటారుకు అందని నీళ్లున్నాయి.

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో ఒక ఇంటికి 8 అడుగులు, 6 అడుగులు, లోతు 5 అడుగులు అని కాగితం మీద రాసిచ్చాను. 240 ఘనపుటడుగులు, దగ్గర దగ్గర 6,800 లీటర్లు. నా మనసులో అవి లోపలి కొలతలు. ఆ మాట కాగితం మీద రాయలేదు. మేస్త్రి వాటిని గుంత కొలతలుగా తీసుకుని తవ్వించేశాడు. ఇల్లు పూర్తయ్యాక ఐదు వేల లీటర్ల ట్యాంకరు తెప్పించారు. సగం పోసేసరికి నీళ్లు మూత దాటి వీధిలోకి పారాయి. "ఇంకా సగం ఉంది సార్, ఎక్కడ పొయ్యమంటారు?" అని డ్రైవర్ అడిగితే ఇంటాయన నా వైపు చూశాడు. ఆ రోజు ఇంటికెళ్లి మళ్లీ లెక్క వేస్తే ఆ సంపులో పట్టేది 2,460 లీటర్లే. అప్పటినుంచి నేను రాసే ప్రతి కొలత పక్కన "లోపల" అనో "బయట" అనో ఉండాల్సిందే.

ఇప్పుడు మీ ఏడడుగుల గుంత సంగతి చూద్దాం. గోడ తొమ్మిదంగుళాలు, లోపలి ప్లాస్టింగు ఒక అంగుళం అనుకుంటే ఒక్కో వైపు పది అంగుళాలు పోతాయి. రెండు వైపులా కలిపి 1 అడుగు 8 అంగుళాలు. ఏడడుగుల్లోంచి అది తీసేస్తే లోపల మిగిలేది 5 అడుగుల 4 అంగుళాలు. లోతులో కూడా కోతలున్నాయి: కింద కంకర బెడ్డు నాలుగంగుళాలు, దాని మీద ఇనుము కట్టి పోసే నేల ఐదంగుళాలు, పైపూత ఒక అంగుళం, వెరసి పది. పై స్లాబ్ ఆరంగుళాలు. లోపలి ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలకు వచ్చింది. అందులో స్లాబ్ కింద ఆరంగుళాలు ఖాళీ వదలాలి, ఎందుకంటే ఓవర్‌ఫ్లో గొట్టం, బాల్ వాల్వు ఆ ఎత్తులోనే ఉంటాయి. అడుగున ఫుట్ వాల్వ్ (మోటారు నీళ్లు పీల్చే గొట్టం చివర ఉండే వాల్వు) కింద నాలుగంగుళాల నీళ్లు మోటారుకు అందవు. ఇక వాడుకునే నీళ్ల ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. 5.33×5.33×4.83 వేస్తే 137 ఘనపుటడుగులు, అంటే దాదాపు 3,900 లీటర్లు.

మేస్త్రి గారిని వెంటనే తప్పు పట్టకండి. ఆయన చెప్పిన ఏడు లోపలి కొలతై ఉండొచ్చు. అలాగైతే ప్లాస్టింగు తర్వాత లోపల 6 అడుగుల 10 అంగుళాలు, పైనా కిందా పోగా నీళ్ల ఎత్తు 6 అడుగుల ఒక అంగుళం, దాదాపు 8,000 లీటర్లు. అదీ పది వేలు కాదు గానీ నాలుగు వేల గుంతకూ దీనికీ పోలికే లేదు. అందుకే ముందు అడగాల్సిన మాట ఒక్కటే: "మేస్త్రి గారూ, ఈ ఏడు ప్లాస్టింగు అయ్యాక లోపల కొలతా, తవ్వే కొలతా?"

ఇప్పుడు లెక్క వెనక నుంచి కడదాం. ఇల్లు కట్టేవాళ్లు ఎక్కువమంది గుంతతో మొదలుపెట్టి నీళ్ల దగ్గరికొస్తారు. నీళ్లతో మొదలుపెట్టి గుంత దగ్గరికి రావాలి.

10,000 లీటర్లను 28.3తో భాగిస్తే 353 ఘనపుటడుగులు. మీటర్లలో పనిచేసేవాళ్లకు ఇంకా తేలిక, ఒక ఘనపు మీటరుకు సరిగ్గా వెయ్యి లీటర్లు కాబట్టి పది ఘనపు మీటర్లు. కానీ మన సైట్లలో అడుగులు, అంగుళాలే నడుస్తాయి. కాగితం మీద మీటర్లు రాసిస్తే దాన్ని అడుగుల్లోకి మార్చేటప్పుడు ఇంకో తప్పు దొర్లుతుంది. మీ మేస్త్రి టేపు ఏ భాష మాట్లాడితే మీరూ అదే మాట్లాడండి.

పొడవు, వెడల్పు, లోతు మూడింట్లో ముందు తేల్చుకోవాల్సింది లోతు, దాన్ని మీ భూమే చెప్తుంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల నాలుగైదడుగులకే రాయి తగులుతుంది. ఆ రాయిని కొట్టించే ఖర్చు చూస్తే లోతు తగ్గించి వెడల్పు పెంచుకోవడమే చవక. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దీనికి పూర్తి వేరే ఇబ్బంది: వానాకాలంలో భూమిలో నీళ్లు పైకొచ్చేస్తాయి, అప్పుడు ఖాళీ సంపు పడవలా తేలడానికి చూస్తుంది. ఇది ఊరికే అనే మాట కాదు. బయటి కొలత ఎనిమిదిన్నర అడుగుల చదరం, లోతు ఆరున్నర ఉన్న సంపు చుట్టూ నేలమట్టం దాకా నీళ్లు నిండితే కింద నుంచి పదమూడు టన్నుల పైన ఎగదోపు ఉంటుంది. ఇటుక గోడల సంపు బరువు అంతకంటే తక్కువే కావచ్చు. అలాంటి చోట కడిగించడానికైనా వానాకాలంలో సంపు పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. మీకు ఆ భయం లేదు గానీ చదివేవాళ్లలో అమలాపురం వైపు వాళ్లుంటే గుర్తుపెట్టుకోండి.

లోతుకు ఇంకో హద్దు మీ ఇంటి పునాదే. సంపు గోడకు అడుగు దూరంలో పిల్లర్ ఫుటింగ్ ఐదడుగుల లోతున ఉంటే, పక్కనే ఏడెనిమిదడుగులు తవ్వడమంటే ఆ ఫుటింగ్ కాళ్ల కింద మట్టి లాగెయ్యడమే. ఫుటింగ్ అడుగు కంటే సంపు ఎంత లోతుకు వెళ్తే కనీసం అంత దూరం పక్కకు జరగాలన్నది నేను పాటించే లెక్క. జాగా లేకపోతే ఇంజనీరు గారిని పిలిపించి చూపించండి, మేస్త్రితో తేల్చుకునే విషయం కాదిది.

సరే, మీ జాగా 12×9 మొత్తం గుంతకే ఇచ్చేద్దాం. గోడలకు పోయే 1 అడుగు 8 అంగుళాలు రెండింట్లోంచీ తీసేస్తే లోపల 10 అడుగుల 4 అంగుళాలు, 7 అడుగుల 4 అంగుళాలు. గుణిస్తే 75.8 చదరపుటడుగులు. కావాల్సిన 353ని 75.8తో భాగిస్తే 4.66 అడుగులు, అంటే 4 అడుగుల 8 అంగుళాలు. ఇది కేవలం వాడుకునే నీళ్ల ఎత్తు. దానికి కింద అందని నాలుగంగుళాలు, పైన ఖాళీ ఆరంగుళాలు కలిపితే నేల నుంచి స్లాబ్ అడుగు దాకా 5 అడుగుల 6 అంగుళాలు. కింద బెడ్డుకూ నేలకూ పది, స్లాబ్‌కు ఆరు కలిపితే గుంత లోతు 6 అడుగుల 10 అంగుళాలు.

ఇప్పుడు 12×9ని 6.83తో గుణించి చూడండి. 738 ఘనపుటడుగులు, లీటర్లలో చెప్పాలంటే దాదాపు 20,900. పది వేల లీటర్ల నీళ్లకు ఇరవై ఒక్క వేల లీటర్ల గుంత! ఇళ్ల సంపులకు నేను నోటి లెక్కగా "గుంత రెండింతలు" అంటుంటాను. చిన్న సంపుల్లో రెండింతల కంటే ఎక్కువే పోతుంది, ఎందుకంటే గోడ మందం సంపు చిన్నదైందని తగ్గదు. మీ ఏడడుగుల గుంతలో 9,700కి 3,900 రావడం అందుకే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. పేపర్లో టీఎంసీ అని చదువుతుంటాం కదా. అది వంద కోట్ల ఘనపుటడుగులు. దాన్నీ అదే 28.3తో గుణిస్తే 2,830 కోట్ల లీటర్లు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, 312 టీఎంసీలు అంటారు. కానీ కనీస నీటిమట్టం 510 అడుగులు, దాని కిందున్నదాన్ని లెక్కలో పెట్టుకుని కాలువలకు వదలరు. మన సంపులో ఓవర్‌ఫ్లో గొట్టం దగ్గర ఆ 590 ఉంది, ఫుట్ వాల్వ్ దగ్గర ఆ 510 ఉంది. డెడ్ స్టోరేజీ అన్న మాట సాగర్‌కు ఎంత వర్తిస్తుందో మీ ఈశాన్యం మూలకూ అంతే.

ఆ డెడ్ స్టోరేజీ తగ్గించే ఉపాయం ఒకటుంది. ఫుట్ వాల్వ్ దిగే చోట నేలలో అడుగు చదరం, ఆరంగుళాల లోతు చిన్న గుంట వదిలి, నేలంతా అటు వైపు కాస్త వాలుగా పొయ్యమనండి. ఫుట్ వాల్వ్ ఆ గుంటలో కూర్చుంటుంది. నాలుగంగుళాల నీళ్లు, అంటే మీ సంపులో ఏడు వందల లీటర్లు, వాడకంలోకి వస్తాయి. కడిగేటప్పుడు మురికి కూడా అక్కడికే చేరుతుంది. చేరిన ఆ మురికిని మోటారు ముందు పీల్చేస్తుందని కొందరు దీన్ని వద్దంటారు. ఏడాదికోసారి శుభ్రం చేయించేవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. అలా చేయించలేమని మీకే తెలిస్తే గుంట మానేసి నాలుగంగుళాలు వదిలెయ్యండి.

ఆకారం గురించి. ఒకే వైశాల్యానికి చదరంగా ఉంటే గోడ తక్కువ పడుతుంది. 72 చదరపుటడుగులకు చదరమైతే చుట్టుకొలత 34 అడుగులు, 12×6 అయితే 36, 18×4 అయితే 44. అంటే ఒకటికి రెండింతల పొడవు దాకా నష్టం పెద్దగా లేదు, సందులో ఇరికించినట్టు సన్నగా పొడుగ్గా కడితేనే ఇటుకలు, సిమెంటు తినేస్తుంది. మీ 10-4, 7-4 బాగానే ఉంది.

మధ్యలో అడ్డుగోడ కట్టి ఒకవైపు మంజీరా నల్లా నీళ్లు, ఒకవైపు బోరు నీళ్లు అనుకుంటున్నారా? చాలామంది కడతారు, మంచిదే. ఒక అర కడిగేటప్పుడు రెండోది పనిచేస్తుంది. కాకపోతే ఆరంగుళాల అడ్డుగోడ మీ సంపులో 485 లీటర్లు మింగుతుంది. ఆ మేరకు మూడంగుళాల లోతు కలుపుకోండి. రెండో ఫుట్ వాల్వ్, రెండో మూత ఖర్చు వేరే.

అంకెలు రాసే పద్ధతిలో ఒక పెద్ద ప్రమాదముంది, ఇది చదువుకున్నవాళ్లే ఎక్కువ చేస్తారు. సైట్లో 8 అడుగుల 5 అంగుళాలను 8.5 అని రాసేస్తారు. కాలిక్యులేటర్ దాన్ని ఎనిమిదిన్నర అనుకుంటుంది. 8 అడుగుల 10 అంగుళాలను 8.10 అని రాస్తే ఇంకా ఘోరం, కాలిక్యులేటర్‌కు అది ఎనిమిది అడుగుల ఒక అంగుళం పైన కాస్తే. అంగుళాలను పన్నెండుతో భాగించాకే చుక్క పెట్టాలి: 4 అంగుళాలు 0.33, 8 అంగుళాలు 0.67, 10 అంగుళాలు 0.83. ఇదంతా తలనొప్పి అనుకుంటే మూడు కొలతలూ అంగుళాల్లోనే రాసి గుణించి 61తో భాగించండి, లీటర్లు వచ్చేస్తాయి. మీ సంపుకు 124×88×56ని 61తో భాగిస్తే పది వేల పైచిలుకు రావాలి. నేను ఎప్పుడూ రెండు దారుల్లోనూ వేసి సరిచూసుకుంటాను. అమెరికాలో ఉన్న తమ్ముడు గాలన్లలో చెప్తే మాత్రం ఏ గాలనో అడగండి. అక్కడిది 3.785 లీటర్లు, మన పాత కాగితాల్లో ఉండే బ్రిటిష్ గాలన్ 4.546.

ఇంతకీ పది వేలు అన్న అంకె ఎక్కణ్నుంచి వచ్చింది? అది చుట్టుపక్కలవాళ్లు చెప్పిన అంకె అయితే ఒకసారి ఆగండి. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో ఇళ్లకు వాడే ప్రమాణం. ఐదుగురికి 675 లీటర్లు. నెలకు ఇరవై వేల చిల్లర, హైదరాబాద్‌లో 2021 నుంచి నెలకు ఉచితంగా ఇస్తున్న ఇరవై వేల లీటర్లకు దగ్గర దగ్గర అంతే. ఈ లెక్కన పది వేలంటే మీ ఇంటికి రెండు వారాల నీళ్లు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే చోట అంత అక్కర్లేదు. నిలవ నీళ్లలో క్లోరిన్ తగ్గిపోతూ ఉంటుంది, మూత సరిగ్గా లేకపోతే దోమలు. పెద్ద సంపు కట్టడం గొప్ప కాదు.

కానీ మీరు ఎండాకాలం ట్యాంకరు తెప్పించుకోవాల్సి వస్తుందని రాశారు. అప్పుడు లెక్క మనుషుల మీద కాదు, ట్యాంకరు మీద నడుస్తుంది. ఇక్కడ ట్యాంకర్లు ఐదు వేలు, పది వేల లీటర్లలో వస్తాయి. పది వేల ట్యాంకరు తెప్పించేవాళ్లకు పది వేల సంపు చాలదు! సంపు పూర్తిగా ఎండేదాకా ఆగి ఎవరూ ఫోన్ చెయ్యరు కదా. రెండు రోజుల నీళ్లుండగానే బుక్ చేస్తాం, ట్యాంకరు వచ్చేసరికి సంపులో వెయ్యి, పదమూడొందలు మిగిలే ఉంటాయి. మిగిలిన ఆ నీళ్లంత మేర ట్యాంకర్లో నీళ్లు వెనక్కి పోతాయి, లేదా వీధిలోకి. ఐదు వేల ట్యాంకరే మీ వీధిలోకి వస్తుందంటే ఆరున్నర వేల సంపు చాలు, ఆ మిగిలే డబ్బు వాటర్‌ప్రూఫింగుకు పెట్టండి. పది వేలదే వస్తుందంటే 11,350 లీటర్లకు కట్టండి.

ఆ పెంపు ఎంతో చూద్దాం. మీ సంపు వైశాల్యం 75.8 చదరపుటడుగులు కాబట్టి ఒక్కో అంగుళం ఎత్తుకు 179 లీటర్లు. 1,350కి ఏడున్నర అంగుళాలు, ఎనిమిది వేసుకోండి. నీళ్ల ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, లోపలి ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, గుంత లోతు ఏడున్నర అడుగులు. రాయి తగలకపోతే నేనైతే ఇదే కడతాను.

ఇంత లోతులో నీళ్లు గోడను నెట్టే బలం గురించి కూడా ఒక మాట చెప్పాలి. లోతు రెండింతలైతే గోడ మీద మొత్తం నెట్టుడు నాలుగింతలవుతుంది. సంపు నిండుగా ఉన్నప్పుడు బయటి మట్టి కొంత ఆదుకుంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు అదే మట్టి లోపలికి నెడుతుంది. నల్లరేగడి అయితే తడిసి ఉబ్బి ఇంకా నెడుతుంది. ఐదడుగులు దాటిన సంపుకు ఇటుక గోడ నేను ఒప్పుకోను, కాంక్రీటు గోడే. నీళ్లు నిలిచే కాంక్రీటుకు ఐఎస్ 3370 అని వేరే ప్రమాణమే ఉంది, ఇనుము వేసిన కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలంటుంది. ఇంటి స్లాబ్‌కు కలిపిన మాలే సంపుకూ పోసేద్దామంటే వద్దనండి. పైన కారు నిలుస్తుందంటే ఆ ఆరంగుళాల స్లాబ్‌లో ఇనుము ఎంతో ఇంజనీరు గారే చెప్పాలి.

వరల సంగతి. గుండ్రటివాటికి నేను గుర్తుపెట్టుకున్న అంకె 22.24. లోపలి వ్యాసాన్ని అడుగుల్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, 22.24తో గుణిస్తే లీటర్లు. మూడడుగుల వరలో అడుగు ఎత్తుకు సరిగ్గా రెండొందల లీటర్లు, నోటికి బాగా పడుతుంది. నాలుగడుగులదైతే 356, ఐదడుగులదైతే 556, ఆరడుగులదైతే ఎనిమిది వందలు. మూడు నుంచి ఆరుకు వెళ్తే వ్యాసం రెండింతలే, నీళ్లు నాలుగింతలు. దీన్ని బట్టి పది వేలకు ఐదడుగుల వరలు పద్దెనిమిది అడుగుల లోతు దించాలి, ఆరడుగులవైతే పన్నెండున్నర. రాతి నేలలో అది కుదిరే పని కాదు. పైగా ప్రతి రెండు వరల మధ్య ఒక అతుకు, ప్రతి అతుకూ ఒక లీకు. వరలు ఇంకుడు గుంతకు వాడుకోండి. కొనేటప్పుడు "మూడడుగుల వర" అంటే లోపలా బయటా అని ఇక్కడా అడగాలి. రెండంగుళాల మందం ఉన్న వరలో ఆ మూడు బయటి కొలతైతే లోపల పట్టేది 158 లీటర్లే, అడుగుకు నలభై పోయినట్టు.

డాబా మీద ఇటుక ట్యాంకు ఆలోచన మానుకోమనే చెప్తాను. లీటరు నీళ్లంటే కిలో బరువు, మూడు వేల లీటర్లంటే మూడు టన్నులు, గోడల బరువు అదనం. అయినా స్లాబ్‌కు ముఖ్యం మొత్తం బరువు కాదు, ఒక్కో అడుగు మీద ఎంత పడుతుందన్నది. నాలుగడుగుల ఎత్తు నీళ్లు ఒక్కో చదరపుటడుగు మీద 113 కిలోలు మోపుతాయి. ఇంటి డాబాను మనుషులు తిరగడానికి లెక్కేసేది చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోలకు, అంటే చదరపుటడుగుకు 14 నుంచి 19 కిలోలు. ఆరింతల పైన! మెట్ల గది పైన, పిల్లర్ల మీద దూలాలు వేసి, వాటి మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు పెట్టుకోండి, అదే మనందరం ఏ కంపెనీదైనా సింటెక్స్ అని పిలిచేది. ఐదుగురికి రోజుకు 675 లీటర్లే కదా, రెండు వేలంటే మూడు రోజులు. కింద అంత సంపు పెట్టుకుని పైన మూడు వేలు ఎందుకు?

మేస్త్రి గారికి కాగితం ఇలా రాసివ్వండి: "గుంత బయట 12 అడుగులు, 9 అడుగులు, లోతు 7 అడుగుల 6 అంగుళాలు. ప్లాస్టింగు కాకముందు లోపల 10 అడుగుల 6 అంగుళాలు, 7 అడుగుల 6 అంగుళాలు. పూర్తయ్యాక లోపల 10-4, 7-4, నేల నుంచి స్లాబ్ అడుగు దాకా 6-2." సెంట్రింగు బిగించి గోడ పొయ్యకముందే టేపు మీరే పట్టుకుని మూల నుంచి మూలకు కొలవండి. 10-6, 7-6 ఉన్న చోట రెండు కర్ణాలూ 12 అడుగుల 11 అంగుళాల దగ్గర సమానంగా రావాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా వస్తే మూల మట్టంలో లేదు, కాంక్రీటు పొయ్యకముందే సరిచేయించండి.

ఇంకొకటి, పై స్లాబ్ వెయ్యకముందే చెయ్యాల్సింది. మూత వచ్చే చోటికి ఎదురుగా కనిపించే గోడ మీద, ఫుట్ వాల్వ్ మట్టం సున్నాగా పెట్టుకుని, ఆరంగుళాలకొక గీత చెక్కించండి. మీ సంపులో గీతకు గీతకు 1,073 లీటర్లు. ట్యాంకరు వచ్చినప్పుడు ఎన్ని గీతలు పెరిగిందో చూస్తే అది నిజంగా పది వేలా కాదా తెలిసిపోతుంది, తొమ్మిది గీతల పైన మూడో వంతు పెరగాలి. రాత్రి నల్లా, మోటారు రెండూ కట్టేసి పడుకుని పొద్దున చూస్తే పావు అంగుళం తగ్గిందనుకోండి, 45 లీటర్లు ఎటో పోతున్నట్టు. స్లాబ్ పడ్డాక లోపలికి దిగి టార్చి లైటు పట్టుకుని గీతలు గీయడం నేను ఒకసారి చేశాను, ఇంకోసారి చెయ్యను.